పండగ భోజనాలు, పళ్ళ మీద మరకలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

సంక్రాంతి ముందు ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగానికి పైగా పసుపు, కాఫీ, తాంబూలం మరకల గురించే ఉంటాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: పండగ మూడు రోజులూ పులిహోర, గోంగూర పచ్చడి, ముక్కల పులుసు, మధ్యమధ్య కాఫీ. కనుమ వెళ్ళేసరికి ముందుపళ్ళు పచ్చబడి కనిపిస్తాయి. తిన్న ప్రతిసారీ వెంటనే గట్టిగా బ్రష్ చేస్తున్నా ఫలితం లేదు. ఇంకేం చేయాలి? (ఒక గృహిణి, తణుకు)

జవాబు: ముందుగా, తిన్న వెంటనే బ్రష్ చేయడం మానండి. మీ ఇబ్బందికి అదీ ఒక కారణం కావచ్చు.

శుభ్రంగా తోముకున్న పన్ను మీద కొద్ది నిమిషాల్లోనే లాలాజలంలోని ప్రొటీన్లు కంటికి ఆనని పలుచటి పొరగా పరుచుకుంటాయి. పసుపు, కాఫీ, టీ రంగులు మొదట అంటుకునేది ఈ పొరకే. రోజూ సరిగా తోముకుంటే పొరతోపాటే రంగూ పోతుంది. పాచి పేరుకున్నచోట, గార కట్టినచోట, పన్ను పైనుండే గట్టి పొర, అంటే ఎనామిల్, గరుకెక్కినచోట మాత్రం రంగు దిగబడి నిలుస్తుంది. కింది ముందుపళ్ళ లోపలి వైపు, పళ్ళ సందుల్లో, చిగురు అంచుల్లో మరక ముందుగా కనిపించేది అందుకే.

మన పండగ వంటల్లో రంగుతోపాటు పులుపు కూడా ఎక్కువ. పులుపును కొలిచే అంకె పీహెచ్, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. నోటిలో పీహెచ్ సుమారు 5.5 కన్నా తగ్గితే ఎనామిల్‌లోని ఖనిజం కరగడం మొదలవుతుంది. నిమ్మరసం పీహెచ్ 2, 2.5 మధ్య ఉంటుంది. చింతపండు, పచ్చి మామిడి, గోంగూర కూడా బాగా పుల్లనివే. ఇవి తిన్నాక కాసేపు ఎనామిల్ పైపొర మెత్తబడి ఉంటుంది. లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ మెల్లగా దాన్ని తిరిగి గట్టిపరుస్తాయి. ఆ గడువు ఇవ్వకుండా బ్రష్ పెట్టి రుద్దితే మెత్తబడిన పొర అరిగిపోతుంది. ఏళ్ళ తరబడి ఇలాగే సాగితే ఎనామిల్ పలచబడి, దాని కింద పుట్టుకతోనే పసుపుగా ఉండే డెంటిన్ బయటికి కనిపిస్తుంది. ఆ పసుపు మరక కాదు, ఏ పేస్టుకూ పోదు. పైగా ఒకసారి అరిగిన ఎనామిల్ మళ్ళీ పెరగదు.

కాబట్టి పద్ధతి ఇలా మార్చుకోండి. పొద్దున ఏమీ తినకముందే, కాఫీ కూడా తాగకముందే బ్రష్ చేయండి. పాచి లేని పన్నుకు రంగు తక్కువగా పడుతుంది. భోజనం మధ్యలో ఒకటి రెండు గుక్కలు మంచినీళ్ళు తాగండి. విస్తరి ముందు నుంచి లేవగానే అర గ్లాసు నీళ్ళు, అంటే సుమారు 100 మిల్లీలీటర్లు, మూడు నాలుగు విడతలుగా నోట్లో పోసుకుని ఒక్కో విడత పది పదిహేను సెకన్లు బుగ్గలు ఆడిస్తూ పుక్కిలించండి. చేయి కడుక్కునే చోటే ఈ పని అయిపోతుంది. పసుపులోని రంగు నీటిలో కన్నా నూనెలో బాగా కరుగుతుంది కాబట్టి పులిహోర, వేపుడు తిన్నాక ఒక్క పుక్కిలితో సరిపెట్టకండి. పుల్లని భోజనం తర్వాత బ్రష్ చేయాలంటే కనీసం అరగంట, వీలైతే గంట ఆగండి.

ఎంత అలసిపోయినా రాత్రి పడుకునే ముందు రెండు నిమిషాలు తోముకోవడం మానకండి. మెత్తటి కుచ్చున్న బ్రష్, బఠాణీ గింజంత పేస్టు చాలు. పేస్టులో ఫ్లోరైడ్ 1000 నుంచి 1500 పీపీఎం మధ్య ఉండాలి. ట్యూబు వెనక చూడండి, రాసి ఉంటుంది. బ్రష్‌ను చిగురు వైపు ఏటవాలుగా పెట్టి చిన్న సున్నాలు చుట్టినట్టు తిప్పాలి. అడ్డంగా రంపంలా లాగితే చిగురు దగ్గర పన్ను గాడి పడుతుంది. తర్వాత ఆ గాడిలోనే రంగు దిగుతుంది. తోముకున్నాక నురుగు ఉమ్మేస్తే చాలు. చెంబెడు నీళ్ళతో పుక్కిలిస్తే పన్ను మీద పనిచేయాల్సిన ఫ్లోరైడ్ కూడా కొట్టుకుపోతుంది.

భోజనాన్ని పెరుగన్నంతో ముగించే అలవాటు వదులుకోకండి. పెరుగు పుల్లగా ఉన్నా అందులో కాల్షియం, ఫాస్ఫేట్ సమృద్ధిగా ఉండటం వల్ల ఎనామిల్‌ను కరిగించదు. దాంట్లోకి ఆవకాయ నంజుకుంటే మాత్రం చివరికి నోట్లో మిగిలేది పులుపూ, కారమూ, నూనే. అప్పుడు పుక్కిలించడం తప్పనిసరి.

ప్రశ్న: రోజుకు నాలుగైదు సార్లు ఇరానీ చాయ్ తాగుతాను. మరకలు తగ్గాలని లెమన్ టీకి మారమని స్నేహితులు అంటున్నారు. మంచిదేనా? (ఒక ఉద్యోగి, సికింద్రాబాద్)

జవాబు: పళ్ళ వరకు చూస్తే అది తప్పు సలహా. టీ మరకకు మూలం అందులోని టానిన్లనే వగరు పదార్థాలు. పాలలోని కేసీన్ అనే ప్రొటీన్ వాటిని కొంతవరకు పట్టేసుకుంటుంది. అందుకే పాలు పోసిన చాయ్ కన్నా డికాషన్ టీ ఎక్కువ మరక చేస్తుంది. దానికి నిమ్మకాయ పిండితే పులుపు ఎనామిల్‌ను మెత్తబరుస్తుంది, టానిన్ల పని ఇంకా సులువవుతుంది. గ్రీన్ టీ కూడా మరక చేసేదే.

కప్పు ముందు పెట్టుకుని గంటసేపు చప్పరిస్తే పళ్ళు గంటసేపు ఆ రంగులో, ఆ చక్కెరలో నానినట్టే. పది నిమిషాల్లో ముగించి ఒక గుక్క నీళ్ళు నోట్లో తిప్పి మింగండి. ఐదు కప్పులు మూడైతే మరకా తగ్గుతుంది, పుచ్చే ప్రమాదమూ తగ్గుతుంది. చల్లటి కాఫీ, కూల్‌డ్రింకులకు స్ట్రా కొంత పనికొస్తుంది. వేడి చాయ్‌ను స్ట్రాతో తాగకండి, నోరు కాలుతుంది.

ప్రశ్న: మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు. పళ్ళకు క్లిప్పులు వేయించాం. ఒక్క పెళ్ళి భోజనంతో వాటి చుట్టూ ఉన్న తెల్ల రబ్బర్లు పచ్చగా అయిపోయాయి. పళ్ళు కూడా పాడవుతాయా? (ఒక తల్లి, కరీంనగర్)

జవాబు: రంగు పట్టింది రబ్బరుకే, పళ్ళకు ఏమీ కాలేదు. పారదర్శకమైన, తెల్లటి రబ్బర్లు పసుపును ఒక్క పూటలోనే పీల్చేసుకుంటాయి, ఎంత తోమినా వదలవు. చికిత్సకు వెళ్ళినప్పుడు ఎలాగూ కొత్తవి వేస్తారు. అందుకే ఆ అపాయింట్‌మెంటును పండగకు ముందు కాకుండా పండగ అయ్యాక పెట్టించుకోండి. ముందే వెళ్ళక తప్పకపోతే బూడిద రంగు, ముదురు నీలం రబ్బర్లు అడగండి. లేదంటే సన్నటి స్టీలు తీగతో కట్టమనండి, దానికి రంగు పట్టే ప్రశ్నే లేదు.

క్లిప్పులున్నప్పుడు పసుపు కన్నా పిండివంటలతోనే జాగ్రత్త కావాలి. జంతికలు, చేగోడీలు, పల్లీపట్టీ, చెరకు ముక్క ముందుపళ్ళతో కొరికితే పన్నుకు అంటించిన బ్రాకెట్ ఊడి వస్తుంది. అరిసెలు, పాకం ఉండలు తీగ కింద ఇరుక్కుని రాత్రంతా అక్కడే ఉంటాయి. తినాలనిపిస్తే చిన్న ముక్కలు చేసి వెనక పళ్ళతో నమలమనండి. పల్లీపట్టీ, చెరకు అసలే వద్దు. బ్రాకెట్ చుట్టూ పాచి నిలిస్తే ఎనామిల్ మీద సుద్ద రంగు మచ్చ పడుతుంది. క్లిప్పులు తీశాక చతురస్రంగా కనబడే ఆ మచ్చ చాలామందికి పూర్తిగా పోదు. రాత్రిపూట మామూలు బ్రష్ అయ్యాక, తీగ కింద దూరే చిన్న బ్రష్‌తో పై నుంచీ కింది నుంచీ ప్రతి బ్రాకెట్ దగ్గరా శుభ్రం చేయించండి.

ప్రశ్న: నేను పళ్ళ వరస సరిచేసే పారదర్శకమైన తొడుగులు, అంటే అలైనర్లు, వాడుతున్నాను. ఇక్కడ తెలుగు సంఘం పండగలకు రోజంతా ఏదో ఒకటి తింటూనే ఉంటాం. అలైనర్లతోనే తినవచ్చా? (ఒక పాఠకుడు, డాలస్)

జవాబు: తినకూడదు. మంచినీళ్ళు తప్ప ఏదీ తాగకూడదు కూడా. అలైనరుకూ పన్నుకూ మధ్య చేరిన చాయ్‌ను లాలాజలం కడగలేదు. రంగు, చక్కెర రెండూ అక్కడే ఉండిపోతాయి. రోజుకు 20 నుంచి 22 గంటలు పెట్టుకోవాలి కాబట్టి మీకు మిగిలేది రెండు నుంచి నాలుగు గంటలే. రోజంతా కొంచెం కొంచెం తినడం మాని రెండు మూడు పూటలుగా కూర్చుని తినండి. తీసిన వెంటనే డబ్బాలో పెట్టండి. పేపర్ ప్లేటు పక్కనో, టిష్యూలో చుట్టో పెడితే ప్లేటుతోపాటే చెత్తబుట్టలోకి పోతుంది. తిరిగి పెట్టుకునే ముందు నోరు పుక్కిలించి, అలైనరును మామూలు నీళ్ళతో కడగండి. వేడినీళ్ళు పోస్తే ఆకారం మారిపోయి మళ్ళీ పట్టదు.

ప్రశ్న: పెళ్ళిళ్ళలో భోజనం తర్వాత తాంబూలం వేసుకోవడం నాకిష్టం. ఈమధ్య ఇంట్లో కూడా రోజూ వేసుకుంటున్నాను. పళ్ళు గోధుమ రంగుకు తిరిగాయి. (ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం)

జవాబు: నములుతున్నప్పుడు వచ్చే ఎరుపు, వక్కలోని పదార్థాలు సున్నంతో కలిసినప్పుడు పుడుతుంది. కాచు వేస్తే దాని టానిన్లు కూడా తోడవుతాయి. ఎప్పుడో పెళ్ళిలో ఒకసారి వేసుకున్నప్పుడు రెండు మూడు పుక్కిళ్ళతో చాలావరకు పోతుంది. రోజూ వేసుకునేవారికి గార మీద పొరలు పొరలుగా కట్టి నల్లబడుతుంది. దాన్ని దంతవైద్యులే క్లీనింగ్ చేసి, పాలిష్ పెట్టి తీయాలి. పళ్ళపొడితో మీరు గీకి తీయలేరు.

కానీ మీ ఉత్తరంలో మమ్మల్ని కలవరపెట్టింది రంగు కాదు. పొగాకు లేకపోయినా వక్క క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రచురించిన నివేదికలో తేల్చింది. వక్క నమిలేవారికి బుగ్గల లోపలి పొర బిగుసుకుపోయి నోరు తెరవడం క్రమంగా తగ్గిపోయే జబ్బు వస్తుంది. ఒకసారి బిగుసుకున్నది పూర్తిగా మామూలు కావడం కష్టం. అద్దం ముందు నిలబడి నోరు పూర్తిగా తెరవండి. మీ మూడు వేళ్ళు నిలువుగా పై పళ్ళకూ కింది పళ్ళకూ మధ్య పట్టాలి. పట్టకపోయినా, కారం తగిలితే మునుపు లేని మంట ఉన్నా, బుగ్గ లోపల తెల్లబారినట్టున్నా, రెండు వారాలు దాటినా మానని పుండున్నా ఈ వారంలోనే చూపించుకోండి. భోజనం తర్వాత నోటికి రుచి కావాలంటే వక్క, కాచు, సున్నం లేకుండా తమలపాకులో సోంపు, ఏలకులు, లవంగం చుట్టుకోండి.

ప్రశ్న: మార్చిలో మా అబ్బాయి పెళ్ళి. నిమ్మరసంలో వంటసోడా కలిపి రుద్దితే పళ్ళు మెరుస్తాయని, బొగ్గుపొడి ఇంకా మంచిదని చెబుతున్నారు. నిజమేనా? (ఒక పాఠకురాలు, విజయనగరం)

జవాబు: ఆ మెరుపు ఒకటి రెండు రోజులు కనిపించేది నిజమే, ఎనామిల్ పైపొరను తీసేసినందువల్ల. నిమ్మరసం పన్నును మెత్తబరుస్తుంది, పొడి దాన్ని గీస్తుంది. ఇసుక కాగితం పెట్టిన గోడలా తయారైన ఆ పన్ను, తర్వాత తాగిన మొదటి కాఫీ రంగునే పట్టేస్తుంది. పైగా జివ్వుమంటుంది. బొగ్గు, ఉప్పు, ఇటుక పొడి, కచికలకూ ఇదే వర్తిస్తుంది. బొగ్గు రేణువులు పన్ను బీటల్లో, సిమెంటు అంచుల్లో చేరి నల్లగీతలుగా మిగలడం అదనపు నష్టం. వేపపుల్ల వాడేవారు కొస బాగా నమిలి మెత్తటి కుచ్చుగా చేసుకుని, రాత్రికి ఫ్లోరైడ్ పేస్టు కూడా వాడితే ఇబ్బంది లేదు.

పెళ్ళికి ఇంకా వ్యవధి ఉంది కాబట్టి ఇలా వరుస పెట్టుకోండి. నెల ముందు క్లీనింగ్ చేయించండి. చాలామందికి అంతటితోనే కావలసిన తెలుపు వస్తుంది. పుచ్చిన పళ్ళు, చిగుళ్ళ వాపు ఉంటే ముందు అవి చూపించాలి. ఇంకా కావాలంటే దంతవైద్యుల దగ్గర బ్లీచింగ్ చేయించుకోవచ్చు, కానీ అది ముహూర్తానికి కనీసం రెండు వారాల ముందే పూర్తి కావాలి. చేసిన కొన్ని రోజులు చల్లనివి తగిలితే పళ్ళు జివ్వుమంటాయి, రంగు కూడా కాస్త అటూ ఇటూ మారి స్థిరపడుతుంది. ముందుపళ్ళలో పన్ను రంగు సిమెంటు పెట్టించాల్సి ఉంటే బ్లీచింగ్ అయ్యి రెండు వారాలు గడిచాకే పెట్టించాలి. ముందే పెట్టిస్తే రంగు కలవదు, వెంటనే పెట్టిస్తే సరిగా అంటుకోదు. సిమెంటు, క్యాపులు బ్లీచింగుకు తెల్లబడవన్న సంగతి కూడా ముందే తెలుసుకోవాలి. లేకపోతే చుట్టుపక్కల పళ్ళు తెల్లబడి పాత క్యాపు పచ్చగా బయటపడుతుంది.

బ్లీచింగ్ తర్వాత 48 గంటలు పన్ను రంగును సులువుగా పట్టుకుంటుంది. ఆ రెండు రోజులూ పసుపు లేని తిండి పెట్టండి: ఇడ్లీ, కొబ్బరి చట్నీ, తెల్ల ఉప్మా, పెరుగన్నం, పాలు, అరటిపండు. కాఫీ, టీ, పులుసు, ఆవకాయ, బీట్‌రూట్, సోయా సాస్ వేసిన నూడిల్స్ వద్దు.

ప్రశ్న: క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయని, సందులు పడతాయని అంటారు. (పలువురు పాఠకులు)

జవాబు: కాదు. ఆ సందుల్లో ఇంతకాలం గార నిండి ఉంది. గార కిందే చిగురు, ఎముక తరిగిపోయి పన్ను అప్పటికే వదులైంది. గార తీశాక ఉన్న సంగతి బయటపడింది, అంతే. తీయించకపోతే ఎముక ఇంకా తరుగుతుంది.

ప్రశ్న: మా నాయనమ్మ కట్టుడు పళ్ళు పులుసు కూరలు తిని పచ్చబడ్డాయి. మరిగే నీళ్ళలో వేసి పేస్టుతో తోముతున్నాం. (ఒక పాఠకుడు, కడప)

జవాబు: రెండూ మానేయండి. కట్టుడు పళ్ళ సెట్టు చేసేది అక్రిలిక్‌తో. మరిగే నీళ్ళకు అది వంకర తిరిగి చిగుళ్ళకు ఒరుసుకుంటుంది. పేస్టులోని గరుకు దాని మీద సన్నటి గీతలు పెడుతుంది, ఆ గీతల్లోకి పసుపు చేరుతుంది. తిన్న ప్రతిసారీ తీసి చల్లటి నీళ్ళతో కడగండి. రాత్రి మెత్తటి బ్రష్‌తో, పాత్రలు తోమే ద్రవ సబ్బు ఒక చుక్క వేసి అన్ని వైపులా తోమి బాగా కడగండి. కింద నీళ్ళు నింపిన గిన్నె పెట్టుకుంటే చేయి జారినా విరగదు. తర్వాత రాత్రంతా మంచినీళ్ళలో ఉంచాలి, ఎండనివ్వకూడదు. పచ్చదనం తగ్గడానికి మందుల దుకాణంలో దొరికే కట్టుడు పళ్ళ బిళ్ళను ప్యాకెట్టు మీద రాసినంత సేపు గోరువెచ్చని నీళ్ళలో కరిగించి అందులో ఉంచి, నోట్లో పెట్టే ముందు శుభ్రంగా కడగండి. సెట్టుకు లోహపు కొక్కేలుంటే బట్టలకు వాడే బ్లీచింగ్ ద్రవం దగ్గరికి రానీయకండి, లోహం నల్లబడుతుంది.

ప్రశ్న: మా ఇద్దరికీ చిగుళ్ళ కోసం రాసిన మౌత్‌వాష్ వాడాక పళ్ళు గోధుమ రంగుకు మారాయి. (దంపతులు, నిజామాబాద్)

జవాబు: సీసా మీద క్లోరెక్సిడిన్ అని ఉందేమో చూడండి. చిగుళ్ళకు అది మంచి మందే. కానీ వారాల తరబడి వాడితే గోధుమ మరక వేస్తుంది, టీ కాఫీలతో అది ఇంకా ముదురుతుంది. నాలుక రుచి కూడా కొన్నాళ్ళు మారుతుంది. రాసిన గడువు, సాధారణంగా రెండు వారాలు, దాటి సొంతంగా కొనసాగించకండి. పుక్కిలించాక గంట వరకు టీ కాఫీలు వద్దు. పడిన మరక క్లీనింగుతో పోతుంది.

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా. చిన్నప్పటి నుంచీ పళ్ళ మీద గోధుమ చారలున్నాయి. పండగలకు పసుపు మానేసి చూశాను, తేడా లేదు. మా ఆరేళ్ళ పాపకూ ఇలాగే అవుతుందేమోనని భయం. (ఒక పాఠకురాలు)

జవాబు: మీది తిండి మరక అయ్యే అవకాశం తక్కువ. పళ్ళు ఎముక లోపల తయారవుతున్న వయసులో, అంటే పుట్టుక నుంచి ఎనిమిదేళ్ళ లోపు, తాగిన నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎనామిల్ తయారీలోనే లోపం వస్తుంది. మొదట సుద్ద రంగు చారలు, ఎక్కువైతే గోధుమ రంగు మచ్చలు, గుంటలు. మన దేశంలో ఈ జబ్బును గుర్తించి 1937లో నివేదించింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలకూ, మీ జిల్లాకూ ఇది పాత శత్రువు. నీటిలో ఫ్లోరైడును తగ్గించే పటిక, సున్నం పద్ధతికి మీ జిల్లా పేరే పెట్టారు.

లోపం ఎనామిల్ లోపల ఉంది కాబట్టి బ్రష్‌తో, పళ్ళపొడితో పోదు. పై పైన ఉంటే ఆమ్లంతో కూడిన ప్రత్యేకమైన పేస్టుతో దంతవైద్యులు పలుచగా పాలిష్ చేసి తగ్గిస్తారు. లోతుగా ఉంటే సిమెంటు పూతో, పింగాణీ పెంకో వేయాలి.

పాప విషయంలో నీళ్ళు ముఖ్యం. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. బోరు నీళ్ళు తాగుతుంటే పరీక్ష చేయించండి. కాచడం వల్ల ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై మిగిలినదానిలో దాని శాతం పెరుగుతుంది. పప్పు, పులుసు వండే నీళ్ళ విషయంలోనూ ఇదే జాగ్రత్త. ఆర్‌వో ఫిల్టరు ఫ్లోరైడును చాలావరకు తీసేస్తుంది. ఆరేళ్ళు దాటేవరకు పాప బ్రష్ మీద బఠాణీ గింజకు మించి పేస్టు పెట్టకండి, మూడేళ్ళ లోపు పిల్లలకైతే బియ్యపు గింజంత. మింగకుండా ఉమ్మేసేదాకా పక్కనే నిలబడండి.

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్ళు. ఐరన్ సిరప్ మొదలుపెట్టాక పాలపళ్ళు నల్లబడ్డాయి. సిరప్ మాన్పించాలా? (ఒక తల్లి, ఆదోని)

జవాబు: డాక్టరు చెప్పకుండా మాన్పించకండి. రక్తహీనత ఆ నలుపు కన్నా పెద్ద సమస్య. సిరప్‌ను డ్రాపరుతో నాలుక వెనక వైపు మెల్లగా పోయండి, వెంటనే కొన్ని నీళ్ళు తాగించండి. పాలతో కలిపి మాత్రం ఇవ్వకండి, ఐరన్ సరిగా ఒంటబట్టదు. నలుపు పై పైనే ఉంటుంది, పాలిష్‌తో వస్తుంది. సిరప్ తాగని పిల్లల్లో కూడా చిగురు అంచు వెంట సన్నటి నల్లగీత పడటం ఉంది. అది నోటిలోని ఒక రకం సూక్ష్మజీవుల వల్ల వస్తుంది, అలాంటి పిల్లల్లో పళ్ళు పుచ్చడం సాధారణంగా తక్కువే, గీత తీసినా మళ్ళీ రావచ్చు. నల్లగా ఉన్నచోట గుంట కనిపించినా, మెత్తగా తగిలినా, తీపి తింటే నొప్పి అన్నా అది మరక కాదు, పిప్పి పన్ను. పాలపళ్ళు ఎలాగూ ఊడిపోతాయని వదిలేయకుండా చూపించండి. వెనక పాలపళ్ళు పదకొండు, పన్నెండేళ్ళ దాకా వాడుకోవాల్సినవి.